మీ మందుల డబ్బాలో భీమవరం మనిషి

ఉదయగిరి బస్టాండు నుంచి నెల్లూరు బస్సు ఎక్కేవాళ్లను ఒకసారి గమనించండి. కొండమీద దుర్గం చూడ్డానికి వచ్చి తిరిగి వెళ్లేవాళ్లు కొందరుంటారు. దుత్తలూరు, వింజమూరు, ఆత్మకూరు దారుల్లో పనులమీద తిరిగేవాళ్లు ఇంకొందరు. వీళ్ల మధ్యలో చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో పాత రిపోర్టులు, నలిగిన మందుల చీటీ, ఖాళీ అయిన స్ట్రిప్పులు పట్టుకుని కూర్చున్నవాళ్లు తప్పకుండా కనిపిస్తారు. నెల నెలా వెళ్లాలి, నెల నెలా కొనాలి. బస్సు ఛార్జీ, డాక్టరు ఫీజు, పరీక్షలు, మందులు కలిపితే ఆ రోజు కూలిపని పోయిన నష్టం లెక్కలోకే రాదు. మీ ఇంట్లోనూ అలాంటి కవరు ఒకటి ఉండే ఉంటుంది. బీపీకి ఒకటి, షుగర్‌కి రెండు, అత్తగారి కీళ్లవాతానికి వారానికొకటి. నెలాఖరు వచ్చేసరికి ఇంటి ఖర్చులో ముందు కోత పడేది చాలాచోట్ల ఈ మాత్రలకే. రోజుకు రెండు వేసుకోవాల్సినవాళ్లు ఒకటి వేసుకుంటారు. ఒంట్లో బాగానే ఉందికదా అని వారం మానేస్తారు.

ఈ వారం ఒక మనిషి జీవితం చెబుతాను. ఆయనకు ఉదయగిరితో, ఆత్మకూరుతో ఏ సంబంధమూ లేదు. ఈ మెట్ట ప్రాంతానికి ఎప్పుడైనా వచ్చారో లేదో కూడా చెప్పలేం. అయినా మీ మందుల డబ్బా తీసి చూస్తే ఆయన చెయ్యి పడిన మాత్ర ఒకటైనా కనిపించే అవకాశం ఎక్కువ. పేరు ఎల్లాప్రగడ సుబ్బారావు. పిల్లల పాఠ్యపుస్తకంలో ఒక పేరా, 1995లో శతజయంతికి తపాలా శాఖ వేసిన బిళ్ల, భీమవరంలో కొందరి గర్వం. మనకు మిగిలింది దాదాపు అంతే. ఆయన జీవితాన్ని మందుల ఖర్చు వైపు నుంచి చూసినవాళ్లు తక్కువ. నాకు మాత్రం ఆ వైపు నుంచే ఆయన బాగా అర్థమవుతారు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల ఆ ఉద్యోగం మధ్యలోనే వదిలేయాల్సి వచ్చింది. ఏడుగురు పిల్లల ఇల్లు. ఇంటికి సంపాదన తెచ్చే మనిషి జబ్బుపడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పదమూడేళ్ల వయసులో సుబ్బారావు ఇల్లు వదిలి కాశీ దారి పట్టాడు. యాత్రికులకు అరటిపళ్లు అమ్మితే డబ్బు వస్తుందని ఆ పిల్లవాడి లెక్క. మధ్యలోనే దొరికిపోయాడు, తల్లి వెంకమ్మ వెనక్కి రప్పించింది. చదువులో మెరిక కూడా కాదు. రాజమండ్రిలో చదివి, తర్వాత మద్రాసు హిందూ హైస్కూలులో చేరి, మూడో ప్రయత్నంలో మెట్రిక్ గట్టెక్కాడు. మీ ఇంట్లో ఇంటర్ తప్పిన పిల్లలుంటే ఈ సంగతి ఒకసారి వాళ్ల చెవిన వేయండి, తప్పేం లేదు.

తర్వాత రామకృష్ణ మిషన్ వైపు మనసు మళ్లింది. సన్యాసం తీసుకుంటానంటే తల్లి ఒప్పుకోలేదు. చివరికి మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. ఫీజు ఎవరు కట్టారు? స్నేహితులు కొంత, అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి కొంత. ఆయన కూతురు శేషగిరిని 1919లో సుబ్బారావు పెళ్లి చేసుకున్నారు. అంటే కాబోయే మామగారి డబ్బుతో డాక్టరు చదివిన మనిషి. ఇది చెప్పుకోవడానికి నామోషీ అనిపిస్తుందేమో. కానీ ఆ కాలంలో పైచదువులకు దారి అలాగే ఉండేది. ఈ కాలంలో మాత్రం పెద్ద తేడా ఉందా?

చదువుతుండగానే గాంధీగారి పిలుపు వచ్చింది. సుబ్బారావు ఖద్దరు కట్టడం మొదలుపెట్టారు. శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్ ఆంగ్లేయుడు, ఆయనకు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా సుబ్బారావుకు ఎంబీబీఎస్ పట్టా దక్కలేదు. దానికన్నా తక్కువస్థాయి ఎల్‌ఎంఎస్ మాత్రమే ఇచ్చారు. ఆ పట్టాతో మద్రాసు వైద్య శాఖలో ఉద్యోగం రాలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం చెబుతూ కొంతకాలం గడిపారు.

ఇక్కడ ఆగుదాం. ఈ కథలో అసలు సంగతి ఇక్కడే ఉంది.

ఆ రోజుల్లో స్ప్రూ అనే జబ్బు ఉండేది. ఇప్పుడు ఆ పేరు డాక్టర్లకే ఎక్కువ తెలుసు. ఉష్ణదేశాల్లో వచ్చే పేగుల జబ్బు అది. తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు ఆగవు, నాలుక పుండవుతుంది, రక్తం తగ్గిపోతుంది, మనిషి నెలల తరబడి ఎండిపోతాడు. సుబ్బారావు అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాతో ఈ జబ్బుకే బలయ్యారు. ఒక ఇంట్లోంచి రెండు పాడెలు. తర్వాత ఆ జబ్బు సుబ్బారావుకే వచ్చింది. ఇంగ్లీషు వైద్యం దగ్గర దానికి అప్పట్లో మందు లేదు. లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో ఆయన బతికి బయటపడ్డారు. జబ్బు పేరు తెలిసి, లక్షణాలు తెలిసి, పుస్తకంలో పేజీలకు పేజీలు రాసి ఉండి, ఇవ్వడానికి మాత్రం చేతిలో ఏమీ లేకపోవడం ఎలా ఉంటుందో ఆ కుర్ర డాక్టరు మంచంమీద పడుకుని తెలుసుకున్నారు. ఉష్ణదేశపు జబ్బుల చదువు చదవాలన్న పట్టుదల ఆయనకు అక్కడే గట్టిపడింది.

ఆ చదువు బోస్టన్‌లోని హార్వర్డ్‌లో ఉంది. వెళ్లడానికి డబ్బు మళ్లీ లేదు. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయం చేస్తానంది, మిగతాది మామగారు చూసుకున్నారు. 1920ల తొలినాళ్లలో ఓడెక్కారు. శేషగిరి అప్పటికి గర్భవతి. కొడుకు పుట్టిన సంగతి ఆయనకు అమెరికాలోనే తెలిసింది. ఆ బిడ్డ పసితనంలోనే చర్మానికి సోకిన ఇన్ఫెక్షన్‌తో పోయాడన్న కబురూ అక్కడికే వెళ్లింది. మూడేళ్లలో వస్తానని చెప్పి వెళ్లిన మనిషి మళ్లీ రాలేదు. శేషగిరి జీవితమంతా ఇక్కడే గడిపారు. ఆయన గొప్పతనం గురించి రాసేటప్పుడు ఈ వాక్యాన్ని చాలామంది త్వరగా దాటేస్తారు. నాకు దాటాలనిపించదు. ఆయన కనిపెట్టిన మందుల ఖరీదులో కొంత ఆమె కట్టింది.

బోస్టన్‌లో ఆయన దగ్గరున్న పట్టాతో ఆసుపత్రిలో డాక్టరు ఉద్యోగం ఇవ్వలేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా చేరారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడగడం పని. పగలు చదువు, రాత్రి ఈ పని. డిప్లొమా పూర్తిచేసి హార్వర్డ్ వైద్య కళాశాల జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు.

హార్వర్డ్ భాగాన్ని త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇది శాస్త్రవేత్తల పుస్తకాల్లో బోలెడంత ఉంది. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతిని ఫిస్క్, సుబ్బారావు 1925లో ప్రకటించారు. అది వాళ్లిద్దరి పేర్లతోనే దశాబ్దాలపాటు ప్రయోగశాలల్లో ప్రామాణికంగా నిలిచింది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఫాస్ఫరస్ పరీక్ష రాస్తుంటారు కదా, ఆ కొలత చరిత్రలో ఈ భీమవరం పేరు ఉంది. తర్వాత 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. మీరు చెయ్యి ఎత్తాలన్నా, కన్ను ఆర్పాలన్నా ఒంట్లో ఖర్చయ్యే ఇంధనం ఏటీపీయే. జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా అదే ఏడాది విడిగా దీన్ని కనుగొన్నారు. 1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది. శాశ్వత ఉద్యోగం మాత్రం హార్వర్డ్ ఇవ్వలేదు. ఫిస్క్ అసూయ వల్ల సుబ్బారావు పరిశోధనల్లో కొన్ని వెలుగు చూడలేదనీ, వాటిని ఏళ్ల తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందనీ అప్పట్లో అక్కడే పనిచేసి, తర్వాత నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ చెప్పారు.

1940లో ఆయన హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. కొద్దికాలానికే అక్కడి పరిశోధన అంతటికీ పెద్ద అయ్యారు. మిగిలింది ఎనిమిదేళ్లు. మీ మందుల డబ్బాలోకి వచ్చినవన్నీ ఈ ఎనిమిదేళ్లలోనివే.

మొదటిది ఫోలిక్ యాసిడ్. దీని వెనక మన దేశం కథ ఉంది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో మిల్లు కార్మికుల ఇళ్లలోని గర్భిణుల రక్తహీనతను పరిశీలించారు. ఇనుము ఇచ్చినా తగ్గని ఒక రకం రక్తహీనత ఈస్ట్ సారం తింటే తగ్గుతోందని గమనించారు. ఆ సారంలో ఉన్న పదార్థం ఏమిటో తెలియదు. పాలకూర ఆకుల నుంచి తీసినవాళ్లు దానికి ఆకు అని అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ పదార్థం ఆకుల్లో, కాలేయంలో లేశమాత్రంగా ఉంటుంది. టన్నులకొద్దీ కాలేయం నుంచి చిటికెడు తీసి ఎంతమందికి ఇవ్వగలరు? సుబ్బారావు బృందం దాని రసాయన నిర్మాణాన్ని పట్టుకుని, 1945లో ప్రయోగశాలలో తయారుచేసే దారి కనిపెట్టింది. కాలేయం అక్కర్లేకుండా కర్మాగారంలో తయారయ్యే వస్తువు అయింది. ఇవాళ ఒక ఫోలిక్ యాసిడ్ మాత్ర ప్రభుత్వం ఉచితంగా పంచగలిగేంత చౌక కావడానికి మూలం ఆ పని.

ఫోలిక్ యాసిడ్‌ను అమెరికా వైద్యుడు టామ్ స్పీస్ మొదటగా ఇచ్చి చూసిన రోగుల్లో స్ప్రూ రోగులు ఉన్నారు. వాళ్లు లేచి కూర్చున్నారు. ఆకలి వచ్చింది, రక్తం పెరిగింది. పురుషోత్తాన్నీ కృష్ణమూర్తినీ తీసుకుపోయిన జబ్బుకు ఇప్పుడొక మందు ఉంది, అది వాళ్ల తోబుట్టువు ప్రయోగశాల నుంచే వచ్చింది. కథ ఇంకా ఉంది. విశ్రాంత వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్‌ను డెబ్బై దాటిన వయసులో లెడర్లీ తీసుకుంది. ఆయన మట్టి నమూనాలు వెతికి వెతికి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను పట్టుకున్నారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో పెద్దన్న అది. స్ప్రూకు ఈనాటికీ పుస్తకాల్లో రాసి ఉన్న చికిత్స ఏమిటో తెలుసా? ఫోలిక్ యాసిడ్, దాంతోపాటు టెట్రాసైక్లిన్ కుటుంబపు మందు. రెండింటి మూలాలూ సుబ్బారావు పెద్దగా ఉన్న ఆ ఒక్క చోటివే. అన్నదమ్ములు పోయిన పాతికేళ్ల తర్వాత.

రెండోది బోదకాలు మందు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఫైలేరియా పట్టుకుంది. మన కోస్తా జిల్లాల్లో తరతరాలుగా కాళ్లు వాచిన మనుషుల్ని చూసినా ఎవరికీ తొందర కలగలేదు. సైనికులకు వచ్చేసరికి పరిశోధన పరుగెత్తింది. ఈ మాట చేదుగా ఉన్నా నిజం. లెడర్లీలో వందల రసాయనాలు పరీక్షించి 1947లో హెట్రజాన్ తెచ్చారు. దాని అసలు పేరు డైఇథైల్ కార్బమజైన్, మనవాళ్లు డీఈసీ అంటారు. ఏడాదికోసారి ఆరోగ్య కార్యకర్తలు ఇంటికి వచ్చి ఎదురుగా మింగించే మాత్రల్లో ఒకటి ఇదే. మన దేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. 2004 నుంచి జబ్బున్న జిల్లాల్లో అందరికీ ఒకేసారి మాత్రలు పంచే పద్ధతి వచ్చింది. మీ బంధువులు కోస్తా వైపు ఉంటే ఈ మాత్ర చేతిలో పెట్టినప్పుడు వంటింట్లో పడేసి ఉంటారు, నిజం చెప్పండి. అన్నం తిన్నాక వేసుకోవాలి. రెండేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుతో ఉన్నవాళ్లకు ఇవ్వరు. మిగతా అందరూ వేసుకోవాలి, కాలు వాచలేదు కదా అనుకున్నా సరే. వాచిన కాలు మళ్లీ మామూలు కాదు, ఒంట్లో పురుగు ఉన్నప్పుడే చంపాలి.

మూడోది మెథోట్రెక్సేట్. దీని దారి విచిత్రం. రక్త క్యాన్సర్ పిల్లలకు ఫోలిక్ యాసిడ్ ఇస్తే జబ్బు ఇంకా పెరిగినట్టు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు అనిపించింది. అయితే ఫోలిక్ యాసిడ్‌కు ఎదురుగా పనిచేసేది ఇస్తే? సుబ్బారావు బృందం అలాంటి రసాయనాలు తయారుచేసి పంపింది. వాటిలో అమినోప్టెరిన్‌ను 16 మంది పిల్లలకు ఇస్తే పదిమందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అంతకుముందు ఆ జబ్బు పేరు చెబితే డాక్టర్లు తల దించుకునేవాళ్లు. అమినోప్టెరిన్‌కు దగ్గరి చుట్టమే మెథోట్రెక్సేట్. ఎక్కువ మోతాదులో అది క్యాన్సర్ మందు. తక్కువ మోతాదులో, వారానికి ఒక్కసారి వేసుకుంటే కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు మందు. కీళ్లవాతానికి అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది 1988లో. సుబ్బారావు పోయిన నలభై ఏళ్లకు.

మీ అత్తగారి చీటీ మళ్లీ తీయండి. మెథోట్రెక్సేట్ వారానికొకటి, దానితో పాటు ఫోలిక్ యాసిడ్ అని రాసి ఉంటుంది. మొదటిది కీళ్లను తినే మంటను అణుస్తుంది, రెండోది మొదటిదాని దుష్ప్రభావాల నుంచి నోటినీ పేగునూ రక్తాన్నీ కాపాడుతుంది. ఒకదానికొకటి ఎదురైన ఆ రెండు మాత్రలూ ఒకే ప్రయోగశాల పిల్లలు.

1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు పోయారు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. నోబెల్ రాలేదు. పేరు బయటికి రావాలన్న తాపత్రయం ఆయనకు పెద్దగా ఉన్నట్టు కనిపించదు. కనిపెట్టినవాటిని తన కింద పనిచేసేవాళ్ల పేరుమీదే బయటికి పంపేవారు. ఒక బూజు జాతికి మాత్రం ఆయన పేరు కలిపి సుబ్బరోమైసిస్ అని పెట్టారు.

సరే, ఇప్పుడు మన కవరు సంగతికి వద్దాం. ఫోలిక్ యాసిడ్, డీఈసీ ఇంటి గడప దాకా ఉచితంగా వస్తున్నాయి. బడిలో చిన్నపిల్లలకు గులాబీ రంగు, పెద్ద పిల్లలకు నీలం రంగు, గర్భిణులకు ఎర్ర రంగు ఇనుము మాత్రలు ఇస్తారు. వాటన్నిటిలో ఫోలిక్ యాసిడ్ ఉంది. గర్భిణులకు రోజుకొకటి చొప్పున 180 రోజులు. వాంతి వస్తోందని మీ కోడలు వాటిని దిండు కింద దాస్తే, రాత్రి అన్నం తిన్నాక వేసుకోమని చెప్పండి, మానేయమని మాత్రం చెప్పకండి.

దీర్ఘకాలపు జబ్బులకు సంగతి వేరు. చాలామంది మధ్యతరగతివాళ్లు ప్రభుత్వాసుపత్రి మందులు తమకోసం కాదనుకుంటారు. తెల్లకార్డు ఉండాలేమో, అడిగితే చిన్నతనమేమో అని. పీహెచ్‌సీలో, ఉదయగిరి, ఆత్మకూరు ప్రభుత్వాసుపత్రుల్లో బీపీ, షుగర్ మందులు ఇవ్వడానికి కార్డు అడగరు. ఓపీ చీటీ ఉంటే చాలు. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్ చూడటం, ఉంటే పేరు నమోదు చేసి నెల నెలా మందులివ్వడం ప్రభుత్వ అసంక్రమిత వ్యాధుల కార్యక్రమంలో భాగం. మీ ఊరి ఏఎన్‌ఎంకు ఆ జాబితా ఉంటుంది, అందులో మీ పేరుందో లేదో అడగండి. 104 బండి మీ ఊరికి ఏ రోజు వస్తుందో కూడా ఆమెకే తెలుసు. కొండ కింద పల్లెల్లో ఉండి నెలకోసారి నెల్లూరు వరకు వెళ్లేవాళ్లలో కొందరికి ఆ ప్రయాణమే అక్కర్లేదు.

ఒక చిక్కు ఉంది. ప్రైవేటు డాక్టరు రాసిన చీటీలో బ్రాండు పేరు ఉంటుంది. ప్రభుత్వాసుపత్రి మందుల గదిలో అసలు మందు పేరు ఉంటుంది. ఈ పేరు ఆ పేరు ఒకటేనని తెలియక అది లేదనుకుని వెనక్కి వచ్చేవాళ్లు చాలామంది. అందుకే ముందు అక్కడి డాక్టరు దగ్గర ఓపీ చూపించుకోండి. మందు అదే అయితే తన చీటీమీద రాసిస్తారు. మోతాదు వేరుగా ఉంటే రెండు సగాలుగానో రెండు మాత్రలుగానో సర్దుతారు. మీ అంతట మీరు సర్దుకోకండి. అక్కడ లేని మందు జన ఔషధి దుకాణంలో బ్రాండు ధరలో సగానికన్నా తక్కువకే దొరకవచ్చు. ఉచితం కాదు గానీ నెలాఖరు కోత తప్పుతుంది.

మెథోట్రెక్సేట్ దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉంది. అయినా పీహెచ్‌సీలో దాన్ని ఆశించకండి. అది మొదలుపెట్టేముందు, వాడుతున్నంతకాలం రక్తపరీక్షలు, కాలేయం, కిడ్నీ పరీక్షలు కావాలి. నెల్లూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి లాంటి పెద్దచోట చూపించుకుని, మందు అక్కడ ఇస్తున్నారో లేదో ముందుగా అడగడం మంచిది. గుండె, కిడ్నీ వంటి పెద్ద చికిత్సలు ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయించుకున్నవాళ్లు మాత్రం ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. వాటిలో కొన్నింటికి ఆపరేషన్‌తో లెక్క ముగియదు. ఏడాదిపాటు తర్వాతి పరీక్షలు, మందులు కూడా ప్యాకేజీలోనే ఉంటాయి. డిశ్చార్జి రోజు హడావుడిలో అది ఎవరూ చెప్పకపోవచ్చు. ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడిగి తేదీలు రాయించుకోండి. టీబీకి, హెచ్‌ఐవీకి అయితే మందులు ఎక్కడైనా పూర్తిగా ఉచితమే, వాటిని బయట కొంటున్నారంటే ఎక్కడో పొరపాటు జరుగుతున్నట్టే.

మా చుట్టాల్లో ఒకావిడకు జరిగింది చెప్పి ఆపేస్తాను. ఆవిడది మెట్ట ఊరే. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ రాశారు. మందుల షాపులో కుర్రాడు స్ట్రిప్పు ఇచ్చి మిగతా మాత్రల మాదిరే రోజూ రాత్రి వేసుకోమన్నాడు. చీటీలో వారానికి అని డాక్టరు రాసింది ఇంగ్లీషులో, అది ఆవిడ చదవలేదు. వారం తిరిగేసరికి నోరంతా పుండ్లు, గొంతు దిగని మంచినీళ్లు, రక్తకణాలు పడిపోయి ఆసుపత్రి మంచం. బతికారు. విరుగుడుగా ఇచ్చిన మందు ల్యూకోవోరిన్, అంటే ఫోలిక్ యాసిడ్ మరో రూపమే. సుబ్బారావుగారి ఒక మందు చేసిన కీడును ఆయన దారిలోదే ఇంకో మందు సరిచేసింది.

మీ ఇంట్లో ఆ మాత్ర ఉంటే ఇవాళే స్ట్రిప్పు మీద తెలుగులో పెద్ద అక్షరాలతో వారం పేరు రాయండి, ఆదివారమో బుధవారమో ఏదో ఒక్కటే. ఫోలిక్ యాసిడ్ వేరే రోజున. సోమవారం పొద్దున ఓపీకి వెళ్లేటప్పుడు ఖాళీ స్ట్రిప్పులన్నీ అదే కవర్లో వేసుకుని వెళ్లండి, పడేయకండి. పేరు గుర్తులేకపోయినా స్ట్రిప్పు వెనక చూసి అసలు మందు పేరు డాక్టరే చదువుకుంటారు.